బజారు వీధి వైపు బాల్కనీ

కొడుకు తల పట్టుకున్నాడు. మొదటి సొంతిల్లు కొందామని నాలుగు పేటలు తిరిగితే, నెల క్రితమే నర్సు ఉద్యోగం నుంచి రిటైరైన అమ్మకు ఈ బజారు వీధే నచ్చింది.

“పార్కు పక్కది ఎంత ప్రశాంతంగా ఉందమ్మా!”

“అక్కడ చీమ చిటుక్కుమన్నా వినబడుతుందిరా. ముప్పై ఏళ్లు వార్డులో ‘ష్, నెమ్మది’ అన్నది చాలు.”

బాల్కనీలోంచి వంగి, కింద పళ్లమ్మే ఆవిడను గొంతెత్తి పలకరించింది. ఆవిడా అంతే గట్టిగా బదులిచ్చింది. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“గది ఒక్కటే కదమ్మా! మనం నలుగురం ఎలా సరిపోతాం?”

అమ్మ పకపకా నవ్వింది.

“నలుగురేంట్రా? కొనేది నేనేగా, ఉండేదీ నేనొక్కదాన్నే. మీరు ఆదివారాలు రండి.”

కొడుకు నోరు తెరిచేలోపే మళ్లీ అంది: “ముందు ఫోన్ చేసి రండి.”