వారంటు

"అరెస్టు వారంటా? నా పేరు మీదా?"

పై మెట్ల మీంచి ఆ మాట వినపడగానే, కింద ఆడుతున్న పెంగ్ పిన్ని చేతిలో మహ్‌జాంగ్ బిళ్ళ గాల్లోనే ఆగిపోయింది. ఇంకొక్క బిళ్ళ కలిస్తే ఆట ఆమెదే. అయినా అన్నీ బల్ల మీద బోర్లించేసి లేచింది.

"ఎక్కడికే? ఓడిపోతానని భయమా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న గాన్ తాత, పొద్దుతిరుగుడు గింజల తొక్కు ఊస్తూ.

"నోర్ముయ్యి ముసలోడా. మన మూకి దొంగ పోలీసులు ఫోన్ చేశార్రా!"

మూ అంటే మూడో అంతస్తులో అద్దెకుంటున్న జాంబియా విద్యార్థి. అసలు పేరు మ్వాన్సా. అది నోరు తిరగక బిల్డింగంతా మూ అనే పిలుస్తారు. గురువారం అతనికి చైనీస్‌లో మాట్లాడే పరీక్ష. అది గట్టెక్కితేనే నర్సింగ్ కాలేజీలో సీటు.

"వాడికేంటే, చైనీస్ అదరగొడతాడు! వాడే చూసుకుంటాడ్లే," అన్నాడు గాన్ తాత.

బిల్డింగులో అందరిదీ ఇదే వరస. మూ నోరు తెరిచి "టీ తాగాను" అంటే చాలు, ఆహా ఓహో అని చప్పట్లు కొట్టేస్తారు. అతను ఒప్పు మాట్లాడాడా తప్పు మాట్లాడాడా ఎవడికీ పట్టదు. పెంగ్ పిన్నీ అంతే, ఆమెవే అందరికంటే గట్టి చప్పట్లు.

కానీ ఇప్పుడు ఆమెకి చప్పట్లు గుర్తు రాలేదు, బ్యాంకు గుర్తొచ్చింది. మొన్న సోమవారమే మూ ఖాతాలో ఏడాది ఫీజు పడింది. ఫారం నింపడానికి అతనికి తోడు వెళ్ళింది తనే. అదిగాని పోయిందా, సీటొచ్చినా చేరేది లేదు.

మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. మొదటి అంతస్తు దాటేసరికే ఫోన్లోని గొంతు స్పష్టంగా వినపడింది. మూ స్పీకరు పెట్టినట్టున్నాడు. టీవీలో వార్తలు చదివేవాడిలా ఒక్క మాట తడబడకుండా ఉంది ఆ గొంతు.

"మీ ఖాతా ద్వారా అక్రమ లావాదేవీలు జరిగినవి. ఈ విషయం మీరు ఎవరికీ తెలుపరాదు."

"అక్రమ... లావాదేవీలు," అంటున్నాడు మూ. "అక్రమ లావాదేవీలు. తెలుపరాదు. తెలుపరాదు."

భయంతో అన్న మాటే అంటున్నాడు పాపం అనుకుంది పిన్ని. రెండో అంతస్తు మలుపులోంచే కేక పెట్టింది.

"ఒరేయ్ మూ! పెట్టేయ్! ఫోన్ పెట్టేయ్!"

పైన మూ మెట్ల కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నుదుటి మీద చెమట. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పెన్సిలు, కిటికీ గట్టు మీద నోటుబుక్కు. ఆమెని చూసి పెన్సిలు పట్టుకున్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిన్నీ, ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషంలో ఊడ్చి పారేస్తార్రా నిన్ను!"

"పిన్నీ, నెమ్మదిగా. మీ యాస నాకు..."

"నా మోకాళ్ళు ఊడిపోతుంటే నీకు యాస గోలేంట్రా!"

ఫోన్లో గొంతు గట్టిపడింది. "మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండి," అన్నాడు మూ.

పిన్ని మెట్టు మీదే ఆగిపోయింది. ఎవరూ లేరట! నిన్న మధ్యాహ్నమే గిన్నెడు నూడుల్స్, పైన ఊరేసిన ముల్లంగి ముక్కలు తెచ్చి పెట్టిన మనిషి ఎవరూ కాదట! ఆ వెధవలు అంతలా బెదిరించేశారన్నమాట. రెయిలింగు పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కసాగింది. ఇంకా ఎనిమిది మెట్లు.

"మీ కార్డు సంఖ్య చెప్పండి. ఒక్కొక్క అంకె నిదానంగా."

"చెప్పొద్దురా!"

"ఆరు," అన్నాడు మూ, గోడ వైపు తిరిగి. "రెండు. రెండు. ఏడు."

"మళ్ళీ చెప్పండి."

"ఏడు."

"మళ్ళీ."

ఒక్క అంకె కూడా పోకూడదని ఎంత జాగ్రత్తో వీడికి! పిన్ని చివరి మెట్టు ఎక్కింది. ఎక్కిందే తడవు ఫోను లాగేసుకుంది.

"దొంగ సచ్చినోడా! ఎవర్రా నువ్వు? పరాయి దేశంనించి వచ్చిన పిల్లాడే దొరికాడా నీకు? అక్కడ వాళ్ళమ్మ కోళ్ళు పెంచి పంపిన డబ్బురా అది! నీ అమ్మ నీకిదే నేర్పిందా? ఇంకోసారి ఈ నంబరుకి చేశావంటే..."

ఊపిరి అందక ఆగింది. మూ తల దించుకుని గోడ వైపు చూస్తున్నాడు. ఆమె కూడా అటు చూసింది.

గోడ మీద గ్యాస్ మీటరు చీటీ. దాని మీద తన చేతిరాతే. ఆరు, రెండు, రెండు, ఏడు.

"ఒరేయ్," అంది మెల్లగా. "ఇది మీటరు నంబరు కదరా. నువ్విందాక చదివింది..."

"అదే పిన్నీ."

"కార్డు నంబరు చెప్పలేదా?"

"లేదు పిన్నీ. ఒక్కసారి కూడా చెప్పలేదు."

ఒక్కసారి కూడానా? అంటే ఇంతకుముందు కూడా వీళ్ళు చేశారా? పిన్ని నోటుబుక్కు లాక్కుని తిరగేసింది. అక్రమ లావాదేవీలు, వారంటు, తెలుపరాదు. ఒక్కో మాట పదేసిసార్లు రాసి ఉంది. వెనక్కి తిప్పింది. నిన్నటి తేదీ. మొన్నటి తేదీ. అటు మొన్నటిది కూడా.

అప్పుడు ఆమె చేతిలోని ఫోను నెమ్మదిగా గొంతు సవరించుకుంది. వార్తలు చదివే గొంతు పోయి, ఎవడో మామూలు మనిషి గుసగుసగా మాట్లాడాడు.

"పిన్నిగారూ, అరవకండి, మా ఓనరు వింటాడు. ఆ ఏడు ఇంకోసారి చెప్పించండి. గురువారం పరీక్ష పెట్టుకుని, మీరంతా చప్పట్లు కొట్టి చెడగొడుతుంటే రోజూ ఇతని ఉచ్చారణ దిద్దలేక ఇక్కడ నేను చస్తున్నా!"