గాలి తీసిన చెయ్యి

వ్యాను వెనక టైరు మళ్ళీ కూర్చుంది.

చలపతిరావు గొంతుక్కూర్చుని దాన్ని అరచేత్తో నొక్కాడు. మెత్తగా లోపలికి పోయింది. వాల్వు మూత తీసి, తడిచేసిన వేలు పెట్టాడు. సన్నగా, చల్లగా గాలి తగిలింది. నెల తిరక్కుండా ఇది ఆరోసారి.

ఇరవై రెండేళ్ళుగా ఆయన కొలకలూరు నుంచి తెనాలి బడికి పిల్లల్ని చేరవేస్తున్నాడు. ఇంతవరకూ ఒక్క పిల్లకీ గోరంత దెబ్బ తగల్లేదు. గొయ్యి ఎక్కడుందో, మలుపు ఎక్కడొస్తుందో ఆ దారంతా ఆయనకి కంఠతా వచ్చు.

కాలి పంపుతో గాలి కొడుతుంటే గుమ్మంలోంచి భార్య మాణిక్యమ్మ అంది. “టైరు బాగాలేదుగా. ఇవాళ్టికి మానెయ్యండి.”

“ఇవాళ మానేస్తే రేపు పిల్లలంతా పోటీకొచ్చిన ఆ జీవన్ కుమార్ వ్యానెక్కుతారు. వాడికి కావాల్సిందీ అదే.”



పద్నాలుగు మంది పిల్లల గొంతులూ వినపడ్డాకే ఆయన బండి కదిలించాడు. కాలవ మలుపు దగ్గర వ్యాను ఉన్నట్టుండి ఒక పక్కకి ఒరిగింది. పిల్లలు కెవ్వుమన్నారు. గట్టు అంచు విరిగి మట్టిపెళ్ళలు దబదబా నీళ్ళలో పడ్డాయి. చలపతిరావు స్టీరింగు బలంగా తిప్పి మళ్ళీ రోడ్డెక్కించాడు.

“ఏం లేదర్రా. టైర్లో గాలి తగ్గింది” అన్నాడు.

పిల్లల్ని దించి నేరుగా నాగూర్ బాషా పంక్చర్ షాపుకి పోయాడు. బాషా వాల్వు మీద సబ్బునీళ్ళు పోశాడు.

“బుడగలు చూడండి బాబాయ్, ఎట్టా వస్తున్నాయో!”

“చూశాన్లేరా. కొత్త వాల్వు వెయ్యి.”

“వేసి పది రోజులు కాలేదు. ఇది వాల్వు తప్పు కాదు బాబాయ్. లోపల పిన్ను ఉంటది చూడండి, దాన్ని ఎవరో కావాలనే వదులు చేస్తన్నారు. చిన్న కీ ఉంటే చాలు. రాత్రంతా కొంచెం కొంచెం పోయి, తెల్లారేసరికి టైరు కూర్చుంటది. అదే కాలవ గట్టు మీద కూర్చుందనుకోండి...”



చలపతిరావుకి వెంటనే జీవన్ కుమార్ గుర్తొచ్చాడు. పోటీ ఉంటే ఉండొచ్చు. పసిపిల్లల ప్రాణాలతోనా?

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి, సెంటర్లో టీ తాగొస్తానని భార్యతో చెప్పి బయటపడ్డాడు. వీధి చుట్టి దొడ్డిదారిన తిరిగొచ్చి, చప్పుడు చెయ్యకుండా వ్యానెక్కి వెనక సీట్లో పడుకున్నాడు. చేతిలో జాకీ రాడ్డు. ఇవాళ జీవన్ కుమార్ చెయ్యి విరగాల్సిందే.

దోమలు పీక్కుతింటున్నా కదల్లేదు.

కాసేపటికి అడుగుల చప్పుడు. మెల్లగా వచ్చి చక్రం దగ్గర ఆగింది. ఎవరో మూత తిప్పుతున్నారు. ఆ వెంటనే సుయ్‌మని గాలి.

ఆయన ఒక్క ఉదుటున కిందికి దూకి ఆ మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. రాడ్డు పైకెత్తాడు.

పిడికిట్లో గాజులు గలగలమన్నాయి.

రాడ్డు చేతిలోంచి జారి కింద పడింది.

“మాణిక్యం! నువ్వా?”

ఆమె చెయ్యి విడిపించుకోలేదు. పారిపోనూ లేదు.

“ఎప్పట్నుంచి చేస్తున్నావీ పని?”

“మనం బాపట్ల ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు నుంచి.”

“నా నోట్లో మట్టి కొట్టడానికి నీకు చేతులెట్టా వచ్చాయే? ఎందుకు చేశావు?”



“మీకు కళ్ళు కనపడ్డం లేదని ఆ పిల్లల తల్లులకి చెప్పే ధైర్యం లేకండీ.”