పెట్టెలో మిగిలిన ముక్క

పాట సగంలో గిటారుదొక దారి, డ్రమ్స్‌దొక దారి అయిపోయాయి.

గిటారు వాయిస్తున్న అక్క కళ్లెర్రజేసింది. డ్రమ్స్ మీదున్న తమ్ముడు కంగారులో ఇంకా వేగం పెంచాడు. ఎవరి వెంట పోవాలో తెలియక గాయకుడు నోరు మూసుకున్నాడు.

హాల్లో ఎవరో ఈల వేశారు. మెచ్చుకుని కాదు.

వేదిక దిగగానే తమ్ముడు అందుకున్నాడు.

"నా తప్పేం లేదక్కా. అంతా ఆ పెట్టె వల్లే!"

అది కాలితో నొక్కే లూపు పెట్టె. గిటారు మీద వాయించిన ముక్కను పట్టుకుని, ఆపేదాకా తిప్పి తిప్పి వినిపిస్తుంది. అక్క దాన్ని పాత వాయిద్యాల కొట్లో కొంది. ముందు వాడినవాళ్లు వాయించిన ముక్క ఒకటి అందులోనే ఉండిపోయింది. వినగానే ప్రాణం లేచొచ్చి, దానిమీదే పాట కట్టింది. వాళ్లను నలుగురూ పిలిచేది ఆ పాట కోసమే.

"మనిషైతే సర్దుకుంటాడు. మిషను నా మాట వింటుందా?" అన్నాడు తమ్ముడు.

"మీరే దాని మాట వినాలి బాబూ."

ముందు వరసలో కూర్చున్న పెద్దాయన లేచి దగ్గరికొచ్చాడు.

"ఎనిమిదో బీటు దగ్గర అది కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. మీరు ఆగకుండా తరుముతున్నారు."

"పదేళ్లుగా వాయిస్తున్నానండీ. దారినపోయే ప్రతివాళ్లూ పాఠం చెప్పేవాళ్లేనా?" అన్నాడు తమ్ముడు.

అసలే అవమానంతో ఉన్న అక్కకు ఒళ్లు మండిపోయింది.

"ఈ ముక్కే లేకపోతే ఏ గొడవా ఉండదు!"

వంగి చెరిపేసే మీట నొక్కిపట్టింది. పెట్టె మీద ఎర్రదీపం రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది.

పెద్దాయన ఆ దీపం వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకెక్కడైనా దాచారా అమ్మా?"

"లేదండీ. పీడ విరగడైంది."

"సరే తల్లీ" అని ఆయన మెల్లగా బయటికి వెళ్లిపోయాడు.

ఆ ముక్కను తానే వాయించగలననుకుంది అక్క. స్వరాలన్నీ వచ్చాయి. ఆ జీవం మాత్రం రాలేదు. వేళ్లు బొబ్బలెక్కాయి. రెండు ప్రోగ్రాములు చప్పగా సాగాయి, మూడోది పిలిచినవాళ్లే వద్దన్నారు. గాయకుడు ఇంకో బ్యాండులో చేరిపోయాడు.

ఆనాటి వీడియో ఒకటి ఎవరో పంపితే ఇద్దరూ విన్నారు. డ్రమ్స్ మోతలో ముక్క సరిగ్గా వినబడనే లేదు. ఎనిమిదో బీటు దగ్గర ఆ చిన్న ఆగడం మాత్రం తెలిసింది.

"ఆయన చెప్పింది నిజమే అక్కా" అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండా.

మర్నాడే ఇద్దరూ పాత వాయిద్యాల కొట్టుకు వెళ్లారు.

"ఆ పెట్టె మీకు అమ్మిందెవరండీ? కాళ్లావేళ్లాపడైనా ఆ ముక్క మళ్లీ వాయించమని అడుగుతాం."

కొట్టాయన గిటారు తుడవడం ఆపాడు.

"ఇంకెక్కడి వాయింపమ్మా! పక్షవాతంతో ఎడమచెయ్యి పడిపోయాకే కదా అమ్ముకున్నాడు."

కొట్టాయన గిటారును గోడకు తగిలించి ఇటు తిరిగాడు.

"తను వాయించింది మళ్లీ ఒక్కసారైనా వినాలని మీ ప్రోగ్రాం ఎక్కడో నన్నడిగి మరీ వెళ్లాడే, ఆ రోజు ముందు వరసలోనే కూర్చున్నానన్నాడు, మీరు చూడలేదా?"