చప్పిడి ముద్ద

ముద్ద నోట్లో పెట్టుకుని లిఫ్టు మెకానిక్ కాసేపు కళ్లు మూసుకున్నాడు. ఉప్పు తగల్లేదు. నూనె జాడ లేదు. ఉడికిన ఆకుకూరలో వెల్లుల్లి ఘాటు, పైన పిండిన నిమ్మరసం. మూడు నెలలుగా ఇదే వరస.

"గొంతు దిగడం లేదా?" ఎదురుగా కూర్చున్న భార్య అడిగింది.

"దిగుతోందిలే. నీ కంచం ఏదీ? నువ్వూ తిను."

"తింటాను లెండి. రెండు వంటలు వండే ఓపిక నాకెక్కడిది? మీకేదో నాకూ అదే."

అతను రెండో ముద్ద కలుపుకున్నాడు.

మూడు నెలల క్రితం కంపెనీవాళ్లు పనివాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ ఉచితంగా పరీక్షలు చేయించారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లొచ్చారు. రిపోర్టుల కోసం మాత్రం అతనొక్కడే వెళ్లాడు. సాయంత్రం ఉసూరుమంటూ వచ్చి వంటింటి గడప మీద కూలబడ్డాడు.

"గుండె నాళాల్లో కొవ్వు పేరుకుంటోందట," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఇంకా ముదరలేదట. ఇప్పటికి మాత్రలు అక్కర్లేదు, తిండి మార్చాలి, నడవాలి అన్నారు డాక్టరుగారు."

ఆమె చేతిలో గరిట ఆగిపోయింది. పొయ్యి మీద బంగాళాదుంప ముక్కలు వేగుతున్నాయి. పొయ్యి ఆర్పేసింది. మూకుడు దించి, తలుపు బయట పెట్టేసి వచ్చింది. గోడ వైపు తిరిగి అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

అతను ఏదో చెప్పబోయాడు. ఆ వీపుకేసి చూసి ఆగిపోయాడు.

తన కోసమంటూ ఆమె ఏనాడూ పొయ్యి వెలిగించి ఎరగదు. అతను డ్యూటీలో ఉండిపోతే, మూకుడు అడుగున మిగిలిన వేపుడు గీరుకుని తిని పడుకునే మనిషి. అలాంటిది మర్నాటి నుంచి నడుం బిగించింది. ఉప్పు డబ్బా అటకెక్కింది. రోజూ మెంతులు నానేసేది. అవిసె గింజలు దోరగా వేయించి పొడి కొట్టేది. కూరలో ఉప్పు తగ్గిన లోటు మిరియాలతో, అల్లంతో, ధనియాలతో పూడ్చాలని చూసేది. జావలో పంచదార మానేసి దాల్చినచెక్క పొడి చల్లేది. ఇవేవీ మందులు కావు, ఉప్పూ నూనే తగ్గడమే ముఖ్యమన్నారే అని అతను చెప్పినా చెవిన వేసుకునేది కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. అతనికి తెలియకుండా సూపర్వైజరుకి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, మా ఆయనకి గుండె బాగాలేదు. ఆయన్ని మెట్లెక్కించకండి, ఆ లిఫ్టు గొయ్యిలోకి దించకండి. మీకు దణ్ణం పెడతాను."

రెండు రోజుల్లో అతని పానాల సంచీ ఇంకొకడి భుజానికెక్కింది. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోని లిఫ్టులన్నిటి గుట్టూ తెలిసిన మనిషిని కిటికీ లేని గదిలో ఫిర్యాదుల ఫోన్ ముందు కూర్చోబెట్టారు. ఇక సాయంత్రం దాకా తిట్లే.

"గంటైంది లిఫ్టాగి! మీవాడు దారిలో నిద్రపోయాడా?"

"వస్తున్నాడండీ... బయల్దేరాడండీ..."

తోటివాళ్లు తాతగారూ అని పిలవడం మొదలుపెట్టారు. నవ్వి ఊరుకునేవాడు.

చివరికి సూపర్వైజరే జాలిపడ్డాడు. "ఇలా ఎన్నాళ్లు ఈసురోమంటూ కూర్చుంటావయ్యా? పని చేయొచ్చని డాక్టరు చేత ఒక ముక్క రాయించుకురా. రేపే పాత పనిలోకి పంపిస్తా."

"వద్దు సార్. ఇంట్లో తెలిస్తే తంటా."

సాయంత్రం పార్కు చుట్టూ నడక. కూర్చుని కూర్చుని నడుం పట్టేసేది, ఆకలికి కాళ్లు పీకేవి. అయినా ఆమె "ఇవాళ్టికి చాలు, పదండి" అన్నప్పుడల్లా అతనే "ఇంకొక్క చుట్టు" అనేవాడు. చావంటే ఎంత భయమో ఈ మనిషికి అనుకుంటూ ఆమె కాళ్లీడ్చుకుంటూ వెంట నడిచేది.

ఒకరోజు అతని చొక్కా దగ్గర బజ్జీల వాసన పసిగట్టింది. ఆఫీసులో ఎవరో పెడితే ఒక్కటి తిన్నాడు. ఆమె మంచం మీద కూలబడి ఏడ్చేసింది.

"నన్నొదిలేసి పోదామనా మీ ఉద్దేశం?"

అతను పక్కన కూర్చుని చాలాసేపు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు లేకుండా ఉండలేననే కదే, ఈ చప్పిడి ముద్దలు మింగుతున్నాను."

మూడు నెలలు నిండాయి. మళ్లీ రక్త పరీక్షలు. "నాకెందుకండీ?" అని ఆమె గింజుకుంది. నాకు సూదంటే భయం, తోడుగా నువ్వూ రక్తం ఇయ్యి అని బతిమాలి ఆమె చేతా ఇప్పించాడు. రిపోర్టులు వచ్చిన రోజు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కడే డాక్టరు గదిలోకి వెళ్లాడు.

డాక్టరు కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు. మెకానిక్ కుర్చీ అంచుకు జరిగాడు.

"చాలా తగ్గింది. ఇంత మార్పు వస్తుందని నేననుకోలేదు."

మెకానిక్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కాసేపు కదిలాయి.

"ఇంకెన్నాళ్లు సార్, ఈ తిండి?"

"ఎన్నాళ్లేమిటి? జీవితాంతం."

"సరే సార్." అలసటగా నవ్వి లేచాడు. "తింటాను."

డాక్టరు కళ్లజోడు తీసి అతనికేసి చూశాడు.

"ఇప్పటికైనా బయట కూర్చున్న ఆవిడకి చెప్పండి, కొవ్వు పేరుకుంది మీ గుండెలో కాదు, తన గుండెలో అని."