ఖాదర్ భాయ్ ముక్కు

ఉదయ్‌కిరణ్ వాళ్ల బిల్డింగు గేటు దగ్గరే అబ్దుల్ ఖాదర్ ముక్కు చిట్లించాడు. మూడంతస్తులు ఎక్కి, చెప్పులు విడిచి, పలకరింపు కంటే ముందు అన్న మాట ఇదీ:

"సార్, మీ సెప్టిక్ ట్యాంకు నిండింది. రేపటికి పొంగుతాది."

"భలే ముక్కు భాయ్ మీది! వాచ్‌మన్‌కే ఇంకా తెలీదు" అని నవ్వాడు ఉదయ్‌కిరణ్.

ఆ ముక్కు గురించి ఈ సౌదీ ఊరు హాయిల్‌లో మనవాళ్లు చెప్పుకోని కథ లేదు. ఎక్కడో దూరాన ఉనైజా ఊళ్లో ఖర్జూరం పులిస్తే ఇక్కడ ఖాదర్‌కు తుమ్ములొస్తాయట. ఓసారి ఆకాశంలో విమానం పోతుంటే, అందులో ఎవడో మేజోళ్లు విప్పాడని కిందనుంచే తిట్టిపోశాడట. రోజుకు మూడు స్నానాలు, చెవిలో అత్తరు దూది. డ్రైవరుకు ఇంత సోకేమిటని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఎవరో పెద్ద షేకు కారు నడుపుతాడని జనమే తేల్చేశారు.

అట్టపెట్టెకు తాడు బిగించడంలో మాత్రం ఖాదర్‌కు సాటి లేరు. ఊరికి పోయేవాళ్లంతా అతన్నే పిలుస్తారు. అందుకే ఇంజనీరు ఉదయ్‌కిరణ్ కూడా పిలిచాడు. రేపు శుక్రవారం ఆరుగురు జీపులో రాతిలోయకు నడకకు పోతున్నారు. మూడు గంటల దారి. సామాను కట్టినందుకు ఖాదర్‌కు వెనక సీటు.

ఆ సీటు కోసం రెండు నెలలు ముదీర్‌ను, అంటే తన మేనేజరును, బతిమాలి ఒక్క శుక్రవారం సెలవు సంపాదించాడు ఖాదర్. రెండు కొండల మధ్య గాలిని ఒక్కరోజు గుండెనిండా పీల్చి రావాలి. అంతే అతని కోరిక. తెల్ల కాన్వాసు బూట్లు కూడా కొన్నాడు.

సర్దుడు మొదలైంది. ముందు ఉదయ్‌కిరణ్ బూట్లు.

"నాలుగు కొండలెక్కినవి భాయ్. అదృష్టం పోతుందని కడగలేదు."

ఖాదర్ వాటిని రెండు వేళ్లతో ఎత్తి, మూడు కవర్లలో చుట్టి, ముడి మీద ముడి వేశాడు. తర్వాత చేప డబ్బాలు. ఒకటి కారుతోంది. ఆ తర్వాత ఎవరిదో పడక సంచి.

"దీంట్లో మనిషి పండుకున్న్యాడా, మేక ఈనిందా?"

అప్పుడు ఉదయ్‌కిరణ్ భార్య ఉజ్వల పసుపురంగు కవర్ల కట్ట, మూతున్న డ్రమ్ము తెచ్చి ముందు పెట్టింది.

"ఇవేందమ్మా?"

"లోయలో మనం ఏదీ వదిలి రాకూడదు భాయ్. ఎవరిది వాళ్లు కవర్లో కట్టి, ఈ డ్రమ్ములో వేసి, వెనక్కి తెచ్చేయాలి."

"ఎవరిది ఏంది?"

ఉజ్వల కిటికీలోంచి బయటికి చూసింది. "అదే భాయ్."

ఖాదర్ చేతిలోని తాడు జారిపోయింది. "థూ! మనిషన్నోడు దాన్ని మోసుకొస్తాడా?"

"ప్రకృతి మీద ప్రేముంటే అసహ్యం ఉండదు భాయ్" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"ఈ డ్రమ్ము యాడ పెడతారు?"

"వెనక సీట్లో, మీ పక్కనే. కుదుపులకు ఊడకుండా మూత పట్టుకుంటే చాలు."

ఖాదర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సింకు దగ్గరికి పరుగెత్తాడు. మొహం కడుక్కుని వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"ఆరుగురిది సార్! మూడు గంటలు! నేను రాను."

"ఏసీ కార్లలో తిరిగీ తిరిగీ నవాబైపోయారు భాయ్. ఒక్కరోజు సర్దుకోలేరా?"

"ఆ ఒక్కరోజే గదా సార్, నేనడిగింది!"

మిగిలిన పెట్టెకు తాడు బిగించి, చేతులు సబ్బుతో మూడుసార్లు రుద్దుకుని వెళ్లిపోయాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఉజ్వల మాట వినపడనే వినపడింది.

"అబ్బో, ఎంత సుకుమారమో!"

శుక్రవారం తెల్లవారకముందే జీపు లోయకు బయల్దేరింది. తెల్లారాక ఖాదర్ బూట్లను పెట్టెలో పెట్టేసి, సెలవు అక్కర్లేదని ముదీర్‌కు ఫోన్ చేశాడు. ఎక్కడికి పోవాలో ముదీర్ చెప్పాడు.

గంట తిరక్కముందే ఖాదర్, చెవిలో కొత్త అత్తరు దూదితో, పద్దెనిమిదేళ్లుగా ఊరందరిదీ మోస్తున్న తన సెప్టిక్ ట్యాంకర్ లారీని ఉదయ్‌కిరణ్ వాళ్ల గేటు ముందు ఆపి, లావుపాటి గొట్టాన్ని పొంగుతున్న ట్యాంకులోకి దించాడు.