చిట్టెమ్మ లేని సినిమా

దిండిలో గోదారి ఒడ్డున ఒంటరిగా ఉంటున్న చిట్టెమ్మ ఆ రాత్రి టీవీలో పాత సినిమా చూస్తోంది. పోలీసు కాల్పుల్లో పోయిన ఆమె మొగుడి కథే అది. దోపిడీల్లో ఆయన వెంట తిరిగినదాన్ని అందులో హీరోయిన్‌ని చేశారు. పెళ్లాం ఊసే లేదు. హీరో ఆ హీరోయిన్ జడలో పువ్వు తురిమాడు.

“నాకెప్పుడైనా పెట్టేరాండీ?” అంటూ చిట్టెమ్మ టీవీ కట్టేసింది.

బయట కప్పల అరుపులు కూడా ఆగిపోయాయి. వెనక ఖాళీ మంచం కిర్రుమంది.

“ఆపేసేవేంటే? దాని పాట ఇంకా రాలేదు.”

మొగుడి గొంతే! భయంకన్నా ముందు ఆమెకు కడుపు మండింది. ఇన్నేళ్లకు ఇంటికొచ్చింది దానికోసమా?

“పెట్టను గాక పెట్టను,” అని రిమోటు గుప్పిట్లో బిగించింది.

చల్లటి చేయి ఒకటి ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విప్పసాగింది. బతికుండగా ఆయన ఎన్నడూ ఆమెను అంత మెత్తగా ముట్టుకోలేదు.