అయస్కాంతం ఊసెత్తొద్దు

"చెప్పులు విప్పే ముందే మళ్లీ చెప్తున్నా, సమ్‌ఝే?" మణిమాల గేటు దగ్గర పళ్లు నూరింది. "నాన్న సరే అంటేనే మన పెళ్లి. ఏటి చేస్తావని అడిగితే రీసెర్చ్ అను, నోరు మూసుకో. అయస్కాంతం ఊసెత్తావో, అయిపోయావు!"

జితేంద్ర బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇలా తలూపే రకమే కొంప ముంచేది.

రుఆబాంధా సెక్టార్‌లోని ఆ ఇంటి ముందుగదిలో మణిమాల తండ్రి అప్పలసూరి వాలుకుర్చీలో ఉన్నాడు. ఉద్యోగమంతా ఉక్కు ప్లాంట్‌లో కొలిమి దగ్గరే, షిఫ్టులు మారుతూ చేసి రిటైరయ్యాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గుమ్మంలో ఆయన భార్య అప్పయమ్మ నిలబడింది.

"ఏటి సేస్తుంటావు?" చిరాగ్గా అడిగాడు అప్పలసూరి.

"రీసెర్చ్, అంకుల్."

"దేని మీద?"

మణిమాల తల పట్టుకుంది.

"టోపలాజికల్ క్వాంటమ్ పదార్థాలు అంకుల్! వీటి లోపల కరెంటు పారదు, పైపైనే పారుతుంది. మన సెక్టార్‌లో గల్లీలన్నీ బంద్, చుట్టూ ఉన్న సడక్ మీదే బళ్లు తిరుగుతున్నాయనుకోండి."

"అయితే ఏటి?"

"అక్కడే మజా! మామూలుగా ఎలక్ట్రాన్లు అటూ ఇటూ పోతాయి. పల్చటి పొరలో మాంగనీసు లాంటిది కలిపి అయస్కాంతగుణం తెప్పించామనుకోండి, పైభాగం కూడా బంద్. అంచు ఒక్కటే మిగుల్తుంది. అక్కడా వన్‌వే! గొయ్యి అడ్డొచ్చినా చుట్టు తిరిగి ముందుకే పోవాలి, వెనక్కి రావడం కుదరదు. అయస్కాంతం దిశ మార్చామా, ట్రాఫిక్ మొత్తం ఉల్టా!"

"మా కొలిమిలో పెడితే?"

"వేడి తగిలితే అయస్కాంతగుణం పోతుంది అంకుల్. చచ్చేంత చలిలో ఉంచాలి."

"ఫ్రిజ్‌లో నౌకరీ అన్నమాట," అంటూ ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

జితేంద్రకి ఇక పూనకమే. ఎలక్ట్రాన్ల స్పిన్‌లోకి దిగాడు, అక్కణ్ణుంచి సమీకరణాల్లోకి జారాడు. గాల్లో వేలితో గ్రాఫ్ గీస్తుండగా గురక వినిపించింది. అదేమన్నా మామూలు గురకా! గూడ్సు బండి వెళ్తున్నట్టుంది. పిల్లనివ్వమని వచ్చినవాడి ఎదుటే పిల్ల తండ్రి నోరు తెరుచుకుని నిద్రపోతే ఇంకేం మిగిలింది?

మణిమాల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వణుకుతోంది. ఏడుస్తోందనుకున్నాడు జితేంద్ర. గుమ్మంలోంచి అప్పయమ్మ గబగబా చెయ్యి ఊపింది. పొమ్మంటోందనుకున్నాడు. ఛీ, తన నోటికి తనే శత్రువు! లేచి బయటికొచ్చి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

అప్పయమ్మ మునివేళ్ల మీద పరిగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకుంది. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"ఎక్కడికెళ్లిపోతన్నావు నాయనా? ఆపేశావేటి? లోపలికొచ్చి మిగతాది కూడా చెప్పు. ఈ నెల్లోనే ముహూర్తం పెట్టించేద్దాం."

"ఎగతాళా ఆంటీ? అంకుల్ ఒక్క ముక్క కూడా వినలేదు!"

ఆవిడ గొంతు ఇంకా తగ్గించింది.

"రిటైరయ్యాక ఆయనకి నిద్దర పట్టడం ఇదే మొదటిసారి బాబూ!"